ఇతర దాతల వివరాలు

డాబాగార్డెన్స్‌లో జిరాక్స్ షాపు మీద గది మాది.
కింద మిషను నడిచినప్పుడల్లా
నా బల్ల సన్నగా వణుకుతుంది.
ఆ వణుకులోనే రాస్తాను దరఖాస్తులు,
మనిషికి ఎంత ఆకలో
ఐదువందల మాటలు మించకుండా.

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.
ముసలమ్మ అని రాయకూడదు, లబ్ధిదారు అనాలి.
అన్నం అన్నా చులకనే,
పోషకాహార సహాయం అంటేనే ఫైలు మెట్లెక్కుతుంది.

అసలు మెట్లు కైలాసపురం కొండవాలున ఉన్నాయి.
నూట అరవై మూడు. నేను లెక్కపెట్టింది ఒక్కసారే,
రోజూ ఎక్కేది గవరాజు.
రెండు చేతులా కేరేజీలు, మెడలో తువ్వాలు.
పైన పదకొండు మంది, మంచం దిగలేనివాళ్ళు.
పోర్టులో మూటలు మోసిన రోజుల్లో
కింద జాగా దొరక్క పైకెళ్ళి గోడలు లేపుకున్నారు.
ఇప్పుడా గుమ్మం దిగాలంటే
నలుగురు మోయాలి.
ఈ మాట దరఖాస్తులో రాశాను. కొట్టేశారు,
ఉద్వేగం ఎక్కువైందట.

మూడేళ్ళకు డబ్బిచ్చింది మృదులత స్మారక నిధి.
ఉత్తరం నెత్తిన చిన్న బొమ్మ, రెండు జడల పిల్ల,
పైవరసలో ఒక పన్ను కొంచెం ముందుకి.
మందుల కంపెనీ ఆయన కూతురట, పందొమ్మిదేళ్ళకే పోయిందట.
అంతకంటే ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.
మంజూరు ఉత్తరాన్ని పైనుంచి ఎవరు చదువుతారు?
అంకె ఉన్న చోటికే పోతుంది కన్ను.

సన్యాసమ్మ అడిగింది.
వేలిముద్ర కోసం కాగితం చాపితే
సిరా వేలు బొమ్మ దగ్గర ఆపి,
"ఎవుల పిల్లిది? ఈ గుంటేనా మాకు కూడెడతంది?"
అవునన్నాను. ఇంకేమనను?
"పేరేటి?"
చెప్పాను. రెండుసార్లు నమిలి చూసుకుంది,
"మురుదలత" దగ్గర స్థిరపడింది.

మర్నాటి నుంచీ, గవరాజు చెప్పాడు,
కేరేజీ మూత తియ్యగానే మొదటి ముద్ద
గోడ మీద పెడుతోందట, ఓడల వైపు.
కాకి వస్తే సరే,
రాకపోతే పక్కింటి మేక.

ఆరునెలల నివేదికలో ఒక గడి ఉంది: వృథా శాతం.
రోజుకో ముద్ద చొప్పున లెక్క కట్టి
కాసేపు పెన్ను పక్కన పెట్టి
సున్నా వేశాను.
ఈ బల్ల మీద చాలా అబద్ధాలు రాశాను.
దాన్ని మాత్రం వాటిలో కలపను.

మూడో మార్చితో నిధి ఆగింది.
వాళ్ళ శ్రద్ధ వేరే రంగం మీదికి మళ్ళిందని
మర్యాదగా రాశారు, చివర శుభాకాంక్షలు కూడా.
ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తింది,
పాపం ఆమె చేతిలో ఏముంది,
"మీ కార్యక్రమం తన కాళ్ళ మీద తను నిలబడాలి కదండీ" అంది.
మంచాల మీద మిగిలిన తొమ్మిదిమందినీ తలుచుకుని
నిలబడుతుందండీ అన్నాను.

ఏప్రిల్‌లో గవరాజు వారానికి మూడురోజులే ఎక్కాడు,
జ్ఞానాపురం మార్కెట్లో అడిగి తెచ్చిన పుచ్చు వంకాయలు,
మా జీతాల్లోంచి కోసుకున్న బియ్యం.
ఒక శుక్రవారం నేనూ వెళ్ళాను, ఆగి ఆగి.
సగం కేరేజీలోంచి
సన్యాసమ్మ ముద్ద తీసి గోడ వైపు చెయ్యి చాపింది.
"అమ్మా, వాళ్ళు డబ్బులాపేశారు."
నన్ను చూసింది, దారికడ్డంగా పడున్న బండని చూసినట్టు.
"ఆల్లాపీసినారు.
గుంటకి ఆకలాగిపోతాదేటి?"

ఈ రాత్రి ఇంకో ఫౌండేషన్‌కి ఇంకో దరఖాస్తు.
పద్నాలుగో ప్రశ్న: ఇతర దాతల వివరాలు తెలుపుము.
ఇన్నేళ్ళూ అక్కడ గీత గీసేవాణ్ణి.
సన్యాసమ్మ, కైలాసపురం, అని రాశాను.
ఎంత మొత్తం, అన్న గడి దగ్గర
ఆగిపోయాను.
కింద ఎవరో పరీక్షల నోట్సు తీయించుకుంటున్నారు కాబోలు,
బల్ల వణుకుతూనే ఉంది.